చుక్క తరువాతి పేరు

కంప్యూటరునకు పేర్లతో నిమిత్తము లేదు. మనము ఎంతయో ఆలోచించి ఒకదానికి ‘బ్యాలెన్స్’ అనియు, వేరొకదానికి ‘లిమిట్’ అనియు నామకరణము చేసి వ్రాసిన ప్రోగ్రామును సీ, సీప్లస్‌ప్లస్ వంటి భాషల కంపైలరు చేపట్టినప్పుడు, ఆ పేర్లను తాత్కాలికముగా ఒక పట్టికలో వ్రాసికొని, ఒక్కొక్కదానికి మెమొరీలో ఇన్ని బైట్ల దూరమున అని ఒక స్థానము నిర్ణయించి, పని ముగిసిన పిమ్మట కేవలము అంకెలనే యంత్రమునకు అప్పగించును. పైథాన్, జావాస్క్రిప్టు వంటి భాషలలో ప్రోగ్రాము నడచుచున్నంతసేపును పేరు నిలిచియుండు మాట నిజమే. కాని అక్కడ సైతము యంత్రము దానిని అక్షరముల వరుసగా పోల్చి చూచునే గాని దాని యర్థమును గ్రహింపదు. ‘బ్యాలెన్స్’ అను పేరును అంతటను ‘క్యూ17’ అని మార్చివైచినను ఫలితములో అణుమాత్రమైనను భేదముండదు. కావున ప్రోగ్రామునందలి పేర్లన్నియు మనుష్యులు మనుష్యుల కొరకు వ్రాసికొనునవే. వాని పరిమాణమును స్వల్పము కాదు: ఎక్లిప్స్ అను సుప్రసిద్ధమైన సాఫ్ట్‌వేరు యొక్క కోడును మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులైన డైసెన్‌బాక్, పిట్జ్‌కా అనువారు లెక్కించి చూడగా, అందలి అక్షరములలో సుమారు 70 శాతము పేర్లకే చెల్లినట్లు తేలెను.

ఈ అధ్యాయమున విచారింపదలచినది పేర్లన్నిటిని గూర్చి కాదు. క్లాసుల మెంబర్లకు పెట్టు పేర్లను గూర్చియే. క్లాసు అను భావనకు పుట్టినిల్లు నార్వే రాజధాని ఓస్లో. అక్కడి నార్వీజియన్ కంప్యూటింగ్ సెంటరులో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు సిములా 67 అను భాషను రూపొందించుచు, ఒక వస్తువునకు సంబంధించిన సమాచారమును, ఆ సమాచారముపై జరుగవలసిన పనులను ఒక్కచోట చేర్చి, ఆ సముదాయమునకు క్లాసు అని పేరిడిరి. ఈ కృషికి గాను వారికి 2001వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము లభించెను. క్లాసు నమూనా, ఆ నమూనాను బట్టి పుట్టునది ఆబ్జెక్టు, సమాచారమును దాచు వేరియబుళ్లను, పని నెరవేర్చు మెథడ్లను కలిపి మెంబర్లందురు. ఆబ్జెక్టు పేరు వ్రాసి, ఒక చుక్క పెట్టి, ఆ చుక్క తరువాత మెంబరు పేరు వ్రాయుట నేడు పెక్కు భాషలలో వాడుక. నిర్వచనము ఒక ఫైలులో, దాని ప్రక్కన రచయిత వ్రాసిన వివరణతోకూడ భద్రముగా నుండును; వాడకము వేయి ఇతర ఫైళ్లలో, ఆ వివరణ చేరలేని చోట, చుక్క తరువాత ఒంటరిగా నిలిచియుండును. చదువువానికి దొరకునది ఆ పేరు ఒక్కటియే.

ఈ స్థితినుండియే మెంబరు పేరునకు విలక్షణమైన ధర్మమొకటి ఏర్పడుచున్నది. అది స్పష్టముగానున్నదా లేదా యని ఏకాంతమున నిలిపి పరీక్షించినచో చాలదు. దాని తోబుట్టువుల నడుమ నిలిపి చూడవలెను. తాత పేరు మనుమలకు పెట్టు ఆచారముగల మన పల్లెలలో ఒకే వాకిట ముగ్గురు సుబ్బారావులున్నప్పుడు సుబ్బారావు అను పేరు మంచిదా కాదా యను ప్రశ్నయే పుట్టదు. పెద్ద సుబ్బారావు, నడిపి సుబ్బారావు, చిన్న సుబ్బారావు అని జనులే విశేషణములు తగిలించి పిలుతురు. క్లాసు విషయమున చిక్కేమనగా, అందలి సుబ్బారావులకు ఆ విశేషణములు తమంత తాము రావు. క్లాసు వ్రాసినవాడే ముందుగా తలచి పెట్టవలెను.

పేర్లు పొట్టివై యుండుట ప్రోగ్రామర్ల సోమరితనము వలన వచ్చిన దోషమని నిందించువారు కలరు గాని, మొదట అది యంత్రము విధించిన నిర్బంధము. 1957లో జాన్ బాకస్ నాయకత్వమున ఐబీఎం సంస్థ వెలువరించిన ఫోర్‌ట్రాన్ భాషలో పేరు ఆరక్షరములకు మించరాదు. ఆ భాష పుట్టిన ఐబీఎం 704 యంత్రమున మెమొరీలోని ఒక్కొక్క వర్డు 36 బిట్లు. అక్షరమునకు ఆరు బిట్ల చొప్పున సరిగా ఆరక్షరములు అందులో ఇమిడెడివి. అంతియగాక, ఆంగ్ల వర్ణమాలలో ఐ మొదలు ఎన్ వరకు గల అక్షరములలో దేనితో పేరు మొదలైనను అది పూర్ణాంకమని ఆ భాష తనంత తానే భావించెడిది. అందువలన ద్రవ్యరాశిని దశాంశములతో లెక్కింపగోరిన ఇంజనీరు ‘మాస్’ అని తిన్నగా వ్రాయజాలక, ముందొక ఎక్స్ తగిలించి ‘ఎక్స్‌మాస్’ అని వ్రాసికొనెడివాడు. ఈ పొదుపు చాలకాలము సాగెను. 1989 నాటి సీ భాషా ప్రమాణము సైతము, ఫైళ్ల నడుమ పరస్పరము తెలియవలసిన పేర్లలో మొదటి ఆరక్షరముల వరకే భరోసా ఇచ్చినది. ఆనాటి ఫంక్షన్ల పేర్లలో అచ్చులు కనబడకపోవుటకు కారణమిదియే.

సీ భాషలో క్లాసులు లేవు, స్ట్రక్చరులు కలవు. వాని మెంబర్ల చరిత్ర మన విషయమునకు మిక్కిలి ఉపకరించును. డెన్నిస్ రిచీ బెల్ లేబొరేటరీస్‌లో ఆ భాషను నిర్మించిన తొలినాళ్లలో, ప్రోగ్రామునందలి స్ట్రక్చరులన్నిటి మెంబర్లకును కలిపి ఒకే నామపట్టిక యుండెడిది. ఒక స్ట్రక్చరులో ‘సైజ్’ అను మెంబరు మొదటినుండి ఎనిమిది బైట్ల దూరమున నున్నచో, వేరొక స్ట్రక్చరులో అదే పేరును పండ్రెండు బైట్ల దూరమున పెట్టుటకు వీలులేకుండెను. ఈ బాధ తప్పించుకొనుటకై యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టము రచయితలు ప్రతి స్ట్రక్చరు మెంబర్లకును ఇంటిపేరు వంటి ఉపసర్గ నొకదానిని ముందు చేర్చిరి. ఫైలు వివరములు చెప్పు స్ట్రక్చరునందలివి ‘ఎస్‌టీ_మోడ్’, ‘ఎస్‌టీ_సైజ్’ అనియు, కాలమును తెలుపు స్ట్రక్చరునందలివి ‘టీఎం_అవర్’, ‘టీఎం_మాన్’, ‘టీఎం_ఇయర్’ అను పొట్టి రూపములలోను నేటికిని నిలిచియున్నవి. తరువాత కంపైలరులు ప్రతి స్ట్రక్చరునకును ప్రత్యేకమైన పట్టిక నిచ్చినవి. క్లాసులు వచ్చిన పిమ్మట ఈ ఇంటిపేర్ల అవసరము పూర్తిగా తొలగిపోయినది. ఐనను ‘కస్టమర్’ అను క్లాసులో ‘కస్టమర్‌నేమ్’, ‘కస్టమర్‌అడ్రస్’, ‘కస్టమర్‌ఫోన్’ అని ప్రతి మెంబరునకును ఇంటిపేరు తగిలించు అలవాటు పోలేదు. చుక్కకు ముందే చెప్పబడినదానిని చుక్క తరువాత మరల చెప్పుట వలన కన్ను ఒకే అక్షరములను పదేపదే దాటవలసివచ్చునే గాని, ఆ మూటికి పరస్పరముగల భేదము ఇసుమంతయు అధికము కాదు.

ఇంటిపేర్లు పోయినను ఇంటిలోని తగవు మిగిలియే యున్నది. దానికి తేదీల క్లాసుకంటె ఉత్తమమైన దృష్టాంతము నాకు కనబడలేదు.

యూనిక్స్ కాల స్ట్రక్చరునందు సంవత్సరమను పేరుగల మెంబరులో నుండునది సంవత్సరము కాదు. 1900 తరువాత గడచిన సంవత్సరముల సంఖ్య. నెల అను పేరుగల మెంబరు జనవరికి సున్నయు, డిసెంబరునకు పదునొకండును చూపును. నెలల పేర్ల పట్టికలో సూచికగా వాడుటకు ఇది సుకరమని అట్లు చేసిరి. తేదీ మాత్రము ఒకటినుండి మొదలగును. ఒకే స్ట్రక్చరునందలి మూడు మెంబర్లు మూడు విధముల లెక్కించుచుండగా వాని పేర్లు ఆ సంగతిని ఏ కోశమునను సూచింపవు. ఇరువదవ శతాబ్దము నడచినంతకాలము ఈ లోపము దాగియుండెను. ఆ సంఖ్యకు ముందు ‘19’ అను రెండక్షరములు అతికించి చూపినవారికి సరియైన సంవత్సరమే కనబడెడిది. 2000 జనవరి 1వ తేదీన ఆ సంఖ్య నూరుకాగా, అనేక వెబ్‌సైట్లు తాము 19100వ సంవత్సరములో నున్నట్లు ప్రకటించినవి. వానిలో అమెరికా నౌకాదళపు అబ్జర్వేటరీ వెబ్‌సైటు ఒకటి; ఆ దేశమునకు ప్రామాణిక కాలమును నిర్ణయించి చెప్పు సంస్థలలో అది యొకటి యగుట ఆనాడు పలువురకు హాస్యకారణమైనది.

ఈ స్ట్రక్చరు పోకడలనే 1996లో వెలువడిన జావా భాష మొదటి కూర్పు తన డేట్ క్లాసులోనికి గొనితెచ్చుకొని, వానికి కొత్త చిక్కుల నదనముగా చేర్చినది. ఆ క్లాసులో ‘గెట్‌డే’, ‘గెట్‌డేట్’, ‘గెట్‌టైమ్’ అని మూడు మెథడ్లు కలవు. మొదటిది ఆదివారమును సున్నగా గొని వారమును చెప్పును. రెండవది నెలలోని తేదీని చెప్పును. మూడవది 1970 జనవరి 1 మొదలుకొని గడచిన మిల్లీసెకండ్లను చెప్పును. ఒక్కొక్క పేరును విడిగా తీసికొన్నచో ఆక్షేపింపదగినదేమియు లేదు. మూటిని ప్రక్కప్రక్కన నిలిపినప్పుడే, ‘డే’ అనగా వారమో తేదీయో, ‘డేట్’ అనగా తేదీయో సంవత్సర మాస సహితమైన దినమంతయునో, ‘టైమ్’ అనగా గడియారపు వేళయో మరేమోయను సంశయము చుట్టుముట్టును. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్టు భాష తొలి రూపమును పది దినములలో నిర్మింపవలసివచ్చినప్పుడు, అప్పటికింకను సిద్ధమగుచుండిన జావావారి ఈ డేట్ క్లాసునే అనుకరింపగా, ఈ మూడు పేర్లును ప్రపంచమునందలి ప్రతి బ్రౌజరులోను కాపురముండసాగినవి.

ఈ పేర్ల వలని ప్రమాదము ఎంత సూక్ష్మమైనదో తెలియుటకు 2026 జూన్ నెలను తీసికొందము. ఆ నెల సోమవారముతో మొదలగును. తేదీని తెలిసికొనగోరిన ప్రోగ్రామరు పొరబాటున ‘గెట్‌డే’ అని వ్రాసెననుకొనుడు. ఒకటవ తేదీ సోమవారము గనుక దానికి ఒకటియే వచ్చును; రెండవ తేదీ మంగళవారము, రెండే వచ్చును; ఇట్లు ఆరవ తేదీ శనివారము వరకు తప్పు వ్రాసినవానికిని ఒప్పు వ్రాసినవానికిని ఫలితమొక్కటియే. ఆ వారములో ప్రోగ్రామును పరీక్షించి, సంతృప్తిపడి, దానిని జనుల వాడుకకు విడిచినచో, ఏడవ తేదీ ఆదివారమునాడు తేదీ సున్నయని వెలువడును. కంపైలరు దీనిని పట్టజాలదు. రెండు మెథడ్లును పూర్ణాంకమునే తిరిగి యిచ్చుచున్నవి. పరీక్షలు పట్టలేకపోయినవి. దీనిని పట్టగలిగియుండునది పేరొక్కటియే; అది తన పని చేయలేదు.

జావావారు ఈ క్లాసునందలి పెక్కు మెథడ్లను 1997లోనే వర్జనీయములని ప్రకటించిరి గాని, సంతృప్తికరమైన ప్రత్యామ్నాయము 2014లో జావా ఎనిమిదవ కూర్పుతోగాని రాలేదు. స్టీఫెన్ కోల్‌బోర్న్ నాయకత్వమున రూపొందిన ఆ కొత్త క్లాసులలో ‘గెట్‌డే’ అను పేరే లేదు. దానికి బదులు ‘గెట్‌డేఆఫ్‌మంత్’, ‘గెట్‌డేఆఫ్‌వీక్’, ‘గెట్‌డేఆఫ్‌ఇయర్’ అని మూడున్నవి. నెలలు ఒకటినుండి మొదలగును. వారము వట్టి అంకెగా గాక, తనదైన ప్రత్యేక జాతి విలువగా వచ్చును గనుక, దానిని తేదీ స్థానమున పెట్టబోయినచో కంపైలరే అడ్డగించును. ఈ మూడు పేర్లును పొడవైనవనియు, మొదటి భాగమంతయు ఒకటే గనుక ఒకదానికొకటి భ్రమ కలిగించుననియు ఆక్షేపించువారున్నారు. ఆ ఆక్షేపము నాకు సమంజసముగా తోచదు. నేటి ఎడిటర్లలో చుక్క పెట్టి నాలుగక్షరములు కొట్టినంతనే మెంబర్ల జాబితా అకారాది క్రమమున తెరపై నిలుచును; మొదటి భాగము ఒకటే యగుటవలన ఆ మూడును వరుసగా ఒకదాని క్రిందనొకటి కనబడి, ‘నీకు కావలసినది ఏ దినము? నెలలోనిదా, వారములోనిదా, సంవత్సరములోనిదా?’ అని వ్రాయువానిని తామే ప్రశ్నించును. ‘గెట్‌డే’యు ‘గెట్‌డేట్’ను అట్లు ప్రశ్నింపలేదు, రెండును తామే సరియైన సమాధానమన్నట్లు నటించినవి. పోలిక ఉండదగినచోట పోలికయు, భేదము ఉండవలసినచోట భేదమును పెట్టుటయే ఇక్కడి నేర్పు.

ఆ కొత్త తేదీ క్లాసులలోనే మరియొక సున్నితమైన వివేకము కలదు. తేదీకి పది దినములు కూడుటకు ‘యాడ్‌డేస్’ అనక ‘ప్లస్‌డేస్’ అనిరి. ఈ కొత్త తేదీ ఆబ్జెక్టులు మార్పునొందనివి. కూడినప్పుడు పాతది అట్లే యుండి కొత్తది యొకటి పుట్టును. ‘యాడ్’ అను క్రియాపదము విన్నవాడు ఆబ్జెక్టే మారునని ఆశించును. ‘ప్లస్’ అను మాట విన్నవాడు గణితములోవలె ఒక ఫలితమును ఆశించును. జావాలోనే అంతకు పూర్వము వచ్చిన ‘బిగ్‌డెసిమల్’ అను క్లాసుకూడ మార్పునొందనిదే. కాని దానిలోని మెథడ్ పేరు ‘యాడ్’. అందుచేత ‘టోటల్’కు చుక్క పెట్టి ‘యాడ్’ అని వ్రాసి, వచ్చిన ఫలితమును ఎక్కడను దాచుకొనక, మొత్తము ఏల పెరుగలేదని తలపట్టుకొనిన క్రొత్తవారు లెక్కకు మిక్కిలి. జావా గ్రంథకర్తలలో అగ్రగణ్యుడైన జాషువా బ్లాక్ ఈ పేరు వలన వాడుకలో తప్పులు పెక్కు జరిగినట్లు తన పుస్తకమున అంగీకరించినాడు.

క్రియయో విశేషణమో తెలియని పేరు ఇంకను ప్రమాదకరము. సీప్లస్‌ప్లస్ భాషలో ‘వెక్టర్’ అను క్లాసునకు ‘ఎంప్టీ’ అను మెంబరు కలదు. ఆంగ్లమున ఆ మాట ఖాళీగానున్న స్థితిని చెప్పు విశేషణమును కావచ్చును, ఖాళీ చేయుమను ఆజ్ఞయు కావచ్చును. ఇక్కడ అది ప్రశ్న మాత్రమే: ఖాళీగానున్నదా యని అడిగి, ఔను కాదు అని చెప్పి ఊరకుండును. ఖాళీ చేయు మెంబరు వేరు. దాని పేరు ‘క్లియర్’. వెక్టరును ఖాళీ చేయుచున్నానను భ్రాంతితో ‘ఎంప్టీ’ని పిలిచి, పాత సరకంతయు లోపలనే యుండగా ముందుకు సాగిన ప్రోగ్రాములు కొల్లలుగా నుండుటచే, 2020 నాటి ప్రమాణములో ఆ మెంబరు ఇచ్చు సమాధానమును పారవైచినచో కంపైలరు హెచ్చరింపవలెనను గుర్తును దానికి తగిలించిరి. ‘ఈజ్‌ఎంప్టీ’ అని మొదటనే పెట్టియుండిన జావావారికి ఈ శ్రమ తప్పినది. అదే వెక్టరులో ‘రీసైజ్’ అనునది వస్తువుల సంఖ్యను మార్చును, ‘రిజర్వ్’ అనునది చోటును మాత్రము ఏర్పరచును. పాయింటరును స్వాధీనమున నుంచుకొను మరియొక క్లాసులో ‘రిలీజ్’ అనునది అధికారము వదలుకొనును గాని వస్తువును నశింపజేయదు, ‘రీసెట్’ అనునది నశింపజేయును. మొదటి అక్షరములు ఒకటే, పొడవు ఇంచుమించు ఒకటే, పనులు మాత్రము భిన్నధ్రువములు. జావాస్క్రిప్టునందలి ‘స్లైస్’, ‘స్ప్లైస్’ అను జంట ఇట్టిదే: ఒకటి వరుసలో కొంత భాగమునకు నకలు తీసి యిచ్చును, రెండవది వరుసనే కోసివైచును. ఒక్క అక్షరము తోడైనందువలన మూలము చెడును.

ఒకే వస్తువునకు పలు పేర్లుండుట మరియొక విధమైన బాధ. జావాలో స్ట్రింగు పొడవునకు ‘లెంగ్త్’ అను మెథడ్, అర్రే పొడవునకు ‘లెంగ్త్’ అనునదే గాని మెథడ్ కాక ఫీల్డు, లిస్టు పొడవునకు ‘సైజ్’. దీనికి తర్కమేమియు లేదు. చరిత్ర మాత్రమే కలదు. పేరు పెట్టువాడు తనకు తోచినదే అందరకును తోచునని నమ్ముట మనుష్య సహజము గాని, ఆ నమ్మకము నిలువదు. 1987లో ఫర్నాస్, లాండవర్, గోమెజ్, డ్యూమే అను నలుగురు పరిశోధకులు ప్రకటించిన ప్రసిద్ధమైన అధ్యయనమున, ఒక వస్తువునకు తమంత తాము పేరు పెట్టుమన్నప్పుడు ఇరువురు ఒకే మాటను ఎన్నుకొను సంభావ్యత 20 శాతమునకు లోపలనే యుండునని తేలెను. ప్రోగ్రామర్లనే తీసికొని ఇజ్రాయెల్ దేశమున ఫైటెల్సన్ బృందము జరిపిన ఇటీవలి పరీక్షలలో ఆ సంభావ్యత ఇంకను క్రిందికి దిగి, మధ్యస్థముగా 6.9 శాతమని వచ్చెను. ఐతే ఒకడు ఎన్నుకొనిన పేరును చూచి దాని భావమును గ్రహించుటకు ఇతరులకు సాధారణముగా కష్టము కలుగలేదట. ఊహించుట కష్టము, గ్రహించుట సులభము. కావున ఒక బృందములో పనిచేయువారు ‘ఫెచ్’ అనవలెనా, ‘గెట్’ అనవలెనా, ‘లోడ్’ అనవలెనా యని పోరాడుటకంటె, మూటిలో నేదో ఒకదానిని గైకొని అంతటను దానినే వాడుట మేలు. మూడును వాడినచో చదువువాడు, పాపము, మూడు భిన్నార్థములను వెదకును.

మనకు సమీపమైన ఉదాహరణ మొకటి ఇక్కడ చెప్పక విడువరాదు. వ్యక్తి వివరములకై వ్రాయబడిన క్లాసులలో ‘ఫస్ట్‌నేమ్’, ‘లాస్ట్‌నేమ్’ అను మెంబర్లు విరివిగా కానవచ్చును. ఆ పేర్లు చెప్పునది స్థానము. క్లాసు వ్రాసినవాని తలపులోనున్నది జాతి. ఇంగ్లీషువారిలో పెట్టిన పేరు ముందును వంశనామము వెనుకను వచ్చుటచే రెండును ఏకీభవించినవి. తెలుగువారము ఇంటిపేరును ముందు వ్రాసి, పెట్టిన పేరును తరువాత వ్రాయుదుము. చైనావారును, హంగరీవారును అంతే. ఇట్టి ఫారము ఎదుట కూర్చుండిన తెలుగు విద్యార్థి, ‘ఫస్ట్’ అనియున్నది గదా యని ఇంటిపేరు వ్రాసినచో తప్పు వానిది కాదు. మెంబరు పేరు వానిని అట్లే వ్రాయుమన్నది. భారతదేశపు పాస్‌పోర్టు ‘సర్‌నేమ్’, ‘గివెన్ నేమ్’ అని అడుగుచున్నది. వెబ్ పుటలలో సమాచారమును గుర్తించుటకు వాడు స్కీమా పదజాలమున ‘గివెన్‌నేమ్’, ‘ఫ్యామిలీనేమ్’ అనియే పెట్టిరి. ఈ పేర్లు వరుసను గూర్చి మౌనము వహించి, విషయమును మాత్రము చెప్పుచున్నవి. తెరపై ఏది ముందుండవలెనో నిర్ణయించు పని వేరొక మెథడునకు విడిచినవి.

కొలమానముల సంగతియు నిట్టిదే. యూనిక్స్ వ్యవస్థలలో ‘స్లీప్’ అనగా ఇన్ని సెకండ్లు నిదురించుమని. జావాలోను విండోస్‌లోను అదే ‘స్లీప్’ మిల్లీసెకండ్లలో లెక్కించును. ‘టైమౌట్’ అను మెంబరులో 30 అని యున్నచో అది అరనిమిషమో, కన్ను మూసి తెరచుటకును చాలని క్షణమో పేరు చెప్పదు. 1999 సెప్టెంబరు 23న అంగారకుని చేరవలసిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను అంతరిక్షనౌక నశించిన వృత్తాంతము సుప్రసిద్ధము: భూమిపైని ఒక సాఫ్ట్‌వేరు చిన్న రాకెట్ల తోపుడును పౌండ్-సెకండ్లలో వ్రాసి పంపగా, దానిని చదివిన రెండవ సాఫ్ట్‌వేరు న్యూటన్-సెకండ్లుగా స్వీకరించినది, రెంటికిని భేదము 4.45 రెట్లు. ఆ నౌక అనుకొనిన దానికంటె ఎంతయో దిగువన, గ్రహపు వాతావరణములోనికి దూసికొనిపోయెను. పేరులో కొలమానము వ్రాసియుండినచో ఆ నౌక బ్రతికియుండెడిదని చెప్పుట సాహసము. పరీక్షలు, పర్యవేక్షణ మొదలగు ఇతర లోపములు పెక్కు ఉన్నట్లు విచారణ సంఘము తేల్చినది. ఐనను ‘ఇంపల్స్’ అను వట్టి పేరు ఎదుట తలయెత్తని అనుమానము, ‘ఇంపల్స్ పౌండ్ సెకండ్స్’ అను పేరు ఎదుట తప్పక తలయెత్తును.

పేరులో సమాచారమును దట్టించు ఈ పద్ధతిని ఒక శాస్త్రముగా చేసినవాడు చార్ల్స్ సిమోన్యి. హంగరీ దేశీయుడగుటచే ఆయన పద్ధతికి హంగేరియన్ నొటేషన్ అని పేరు వచ్చెను. విలువ వరుస సంఖ్యయో నిలువు సంఖ్యయో, తెరపై కొలతయో కాగితముపై కొలతయో తెలియునట్లు ముందొక చిన్న సంకేతము చేర్చవలెనని ఆయన యుద్దేశము. అనుచరులు దానిని అపార్థము చేసికొని, కంపైలరునకు ముందే తెలిసిన విషయమును, అనగా ఇన్ని బిట్ల పూర్ణాంకము, ఇది పాయింటరు అనువానిని, పేర్లకు తగిలించిరి. విండోస్‌లో ‘డబ్ల్యూపారామ్’ అను పేరునందలి డబ్ల్యూ పదునారు బిట్ల వర్డును సూచించుటకు పెట్టినది. ఆ విలువ తరువాత 32 బిట్లై, నేడు 64 బిట్లైనది. డబ్ల్యూ మాత్రము అట్లే అబద్ధమాడుచున్నది. మారగల విషయమును పేరులో వ్రాసినవానికి ఈ గతి తప్పదు.

క్లాసునకు లోపలివైపున మరియొక తికమక కలదు. ఆబ్జెక్టును నిర్మించు కన్‌స్ట్రక్టరునకు వచ్చు విలువకును, దానిని దాచు మెంబరునకును ‘నేమ్’ అని ఒకే పేరుండి, జావాలో ‘నేమ్ ఈక్వల్స్ నేమ్’ అని వ్రాసినచో, వచ్చిన విలువ తనలోనికే తాను చేరి మెంబరు శూన్యముగా మిగులును. భాషా నియమము ప్రకారము అది తప్పును కాదు. అందుకే కొందరు మెంబరునకు ముందు ‘ఎం_’ అనియు, కొందరు చివర క్రిందిగీత యనియు చేర్చుదురు. పైథాన్‌వారు ‘సెల్ఫ్’ అని వ్రాయక తప్పని యేర్పాటు చేసికొనిరి. వీనిలో నేది సుందరమనునది రుచిభేదము. ఏదో యొకటి యుండుట మాత్రము అవసరము.

స్వంత కోడులోని పేరు నచ్చకున్నచో ఎడిటరు సహాయమున క్షణములో అంతటను మార్చవచ్చును. పరులు వాడుచున్న పేరు అట్లు కాదు. జావాస్క్రిప్టు వరుసలలో పొరలను విప్పి ఏకము చేయు మెథడునకు ‘ఫ్లాటెన్’ అను సహజమైన పేరు పెట్టబోగా, మూటూల్స్ అను పాత లైబ్రరీ అదే పేరుతో తనదైన మెథడును చొప్పించియుండుటచే, దానిపై ఆధారపడిన వెబ్‌సైట్లు చెడిపోవునని 2018లో బయటపడెను. కడకు అది ‘ఫ్లాట్’ అను పేరుతో 2019 ప్రమాణమున చేరినది. యూనిక్స్‌లో ఫైలును సృజించు సిస్టమ్ కాల్ పేరు తుది ఆంగ్లాక్షరమైన ‘ఇ’ లేక ‘క్రియేట్’ అనుదానికి కుంటి రూపమై యున్నది. యూనిక్స్‌ను మరల నిర్మింపవలసివచ్చినచో ఏమి మార్తువని దాని నిర్మాతలలో ఒకడైన కెన్ థాంప్సన్‌ను అడిగినప్పుడు, ఆ ‘ఇ’ని చేర్తునని ఆయన బదులు చెప్పెనట. ఆ లోపము సంతానమునకును సంక్రమించి, ఫైలును తెరచు సిస్టమ్ కాల్ యొక్క ‘ఓ_క్రియేట్’ అను గుర్తులోను ఆ అక్షరము లేకపోయెను. థాంప్సన్ మరి ఇరువురతో కలిసి నిర్మించిన గో భాష 2009లో వెలువడినది; దాని ఓఎస్ ప్యాకేజీలో ఆ గుర్తు ‘ఇ’ సహితముగా పూర్తి పేరుతో నున్నది. దానికి కుడివైపున, విలువ స్థానమున, ‘ఇ’ లేని పాత పేరే యున్నది.